నళిని పట్టుకున్న పదిహేడో మనిషి

నళినిని మోసం చెయ్యడం అయ్యే పని కాదని బెంగుళూరు కుందలహళ్ళిలోని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే తెలిసేదాకా ఆమే చెబుతుంది. తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉద్యోగం. నాలుగేళ్ళుగా కొత్తవాళ్ళని ఇంటర్వ్యూ చేసే బాధ్యత కూడా ఆమెదే. ఈ నాలుగేళ్ళలో దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టి వచ్చినవాళ్ళని పదహారు మందిని పట్టుకుంది. ఆ పదహారు మంది ఎలా చిక్కారో పేరుపేరునా చెప్పగలదు. చెబుతుంది కూడా, కాఫీ తాగుతూ, చేతులు తిప్పుతూ, ఎవరెవరు ఎలా నీళ్ళు నమిలారో అభినయించి మరీ చూపిస్తూ.

దొంగ ఎక్స్‌పీరియన్స్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇంజనీరింగ్ పాసై, బెంగుళూరు బస్సెక్కి, మారతహళ్ళిలో నలుగురుండే పీజీ గదిలో ఒక మంచం సంపాదించుకుని ఉద్యోగానికి తిరిగే పిల్లలకి ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న: అనుభవం ఉందా? ఉద్యోగమే రాని పిల్లలకి అనుభవం ఎక్కణ్ణించి వస్తుంది, వీళ్ళ మొహం! అప్పుడు ఏ మూడో అంతస్తులోనో కోచింగ్ సెంటర్ నడిపే మహానుభావుడొకడు తగులుతాడు. లేని కంపెనీలో మూడేళ్ళు పనిచేసినట్టు కాగితాలు పుట్టిస్తాడు. అక్కడ చెయ్యని ప్రాజెక్టుని పాఠంలాగా బట్టీ పట్టిస్తాడు. టీములో ఎంతమంది, క్లయింటు ఏ దేశంవాడు, ఏ నెలలో ఏ గండం వచ్చింది, దాన్ని మీరెలా గట్టెక్కించారు, అన్నీ నోటికి వచ్చేస్తాయి.

అందుకే నళిని ప్రాజెక్టు జోలికే పోదు. అంతా అయ్యాక, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు నవ్వుతూ, "మీ పాత ఆఫీసులో మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేసేవాళ్ళు?" అని అడుగుతుంది. సగం మంది అక్కడే తెల్లమొహం వేస్తారు. మిగతావాళ్ళు ఏదో ఒక కాంటీన్ అప్పటికప్పుడు కట్టి నిలబెడతారు. "ఎలా ఉండేది?" అంటుంది. "చాలా బాగుండేది మేడమ్" అన్నారా, అయిపోయారే! మూడేళ్ళు ఒకే కాంటీన్‌లో తిన్న మనిషి దాన్ని మెచ్చుకోవడం ఈ భూమ్మీద జరగదు. నిజంగా తిన్నవాళ్ళకి ఆ మాట అడగ్గానే ఎక్కడలేని కోపం తన్నుకొస్తుంది. నీళ్ళ సాంబారు, ముద్ద అన్నం, క్యూలో మధ్యలో దూరే అకౌంట్స్ వాళ్ళు, అన్నీ ఏకరువు పెడతారు.

ఇంత తెలివి ఆమెకి ఎక్కడిదంటారా? దాచడం దేనికి, ఇప్పుడే చెప్పేస్తాను. నళిని కూడా ఆ తోవలో వచ్చిన మనిషే.

హిందూపురంలో వాళ్ళ నాన్నకి మోటార్లు రిపేరు చేసే షాపు. కూతురు ఏడాదిన్నర బెంగుళూరులో ఖాళీగా తిరిగింది. చివరికి అందరూ వెళ్ళే చోటికే వెళ్ళింది, అందరూ తెచ్చుకునే కాగితాలే తెచ్చుకుంది. ఆ కాగితాలతోనే ఈ ఆఫీసులో చేరింది. ఇంటర్వ్యూకి వస్తూ బస్సులో ఆమె భయమంతా ఒకటే: పని గురించి అడిగితే చెబుతాను, భోజనం ఎక్కడ చేశావని అడిగితే ఏం చెప్పాలి? ఎవరూ అడగలేదు. అయిదేళ్ళ తర్వాత తను అవతలి కుర్చీలోకి మారిన రోజు, మొట్టమొదట అడిగిన ప్రశ్న అదే.

మరి ఆ పదహారు మందిని పట్టుకుంటున్నప్పుడు మనసు చివుక్కుమనలేదా అంటే, లేదు. ఒక్కసారి కూడా లేదు. ఎందుకంటే నళిని దృష్టిలో వాళ్ళు వేరు, తను వేరు. వాళ్ళు అబద్ధం చెప్పి బతకాలనుకునేవాళ్ళు. తనదైతే కాలం కలిసిరాక ఒక చిన్న మెట్టు ఎక్కడం, అంతే. ఆ తర్వాత రాత్రనకా పగలనకా కష్టపడి పని నేర్చుకోలేదూ? ఎంతమంది మీద గెలిచి ఈ స్థాయికి రాలేదూ? ఈ లెక్క ఆమె లోపల ఎంత గట్టిగా కుదురుకుందంటే, తనది అబద్ధమన్న సంగతే ఆమెకి గుర్తుండేది కాదు. పైగా ఒక్కో దొంగని పట్టుకున్నకొద్దీ తను ఇంకాస్త నిజాయితీపరురాలు అయినట్టుండేది. నవ్వకండి. మనలో చాలామంది అద్దం ఇలాగే తుడుచుకుంటాం.

జనవరిలో ఒక సోమవారం మధ్యాహ్నం నాలుగో అంతస్తు గదిలో ఆమె ఎదుట సుమ అనే అమ్మాయి కూర్చుంది. పాతికేళ్ళుంటాయి. బాగేపల్లి పిల్ల. తెలుగువాళ్ళేనని తెలిశాక ఇద్దరూ తెలుగులోకి దిగారు. నళిని బోర్డు మీద ఒక చిక్కుముడి రాసి విప్పమంది. సుమ మార్కర్ తీసుకుని, గొణుక్కుంటూ, ఒకచోట తప్పు చేసి, తన తప్పు తనే పట్టుకుని చెరిపేసి, పది నిమిషాల్లో విప్పింది. రెండోది ఇంకా కష్టమైనది ఇచ్చింది. అదీ విప్పింది, పైగా "ఇది ఇంకో రకంగా చేస్తే ఇంకా తొందరగా అవుతాది మేడమ్" అని మరో దారి చూపించింది. ఆ రెండో దారి నళినికి కూడా తట్టలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నళినికి ముచ్చటేసింది. ఈ పిల్లని మన టీములోకే తీసుకోవాలని లోపల లోపల అనేసుకుంది కూడా.

ఇక లాంఛనం మిగిలింది. "మీ పాత ఆఫీసులో మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేసేవాళ్ళు?" అంది నవ్వుతూ.

సుమ మార్కర్ మూత పెట్టి బల్ల మీద ఉంచింది. గోడ వైపు చూసింది. తర్వాత నళినిని సూటిగా చూసింది.

"మేడమ్, ఆ ఆఫీసు నేను చూడనే లేదు. అట్లాంటి కంపెనీనే లేదు. మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ అనేది అబద్ధం."

నాలుగేళ్ళలో ఇలా జరగడం ఇదే మొదటిసారి.

"మీరు ఇది అడుగుతారని మా సెంటర్‌లో అందరికీ తెలుసు మేడమ్" అంది సుమ. "జవాబు కూడా నేర్పించినారు. అయిదో అంతస్తులో కాంటీన్ అని చెప్పాల. ఎట్లుండేది అని అడిగితే, సాంబారు నీళ్ళు నీళ్ళుగా ఉండేదని తిట్టాల. బుధవారం పులావు అస్సలు బాగుండదని చెప్పాల."

"మరి చెప్పొచ్చు కదా?" ఈ మాట నళిని అనదలుచుకున్నది కాదు, నోరు జారి వచ్చేసింది.

"చెప్దామనే వచ్చినాను మేడమ్. కానీ ఇప్పుడు ఆ బోర్డు మీద చేసిందంతా నాదే. నేను సొంతంగా నేర్చుకున్నదే. ఈ సాంబారు ఒక్కటే నాది కాదు. దాన్ని తెచ్చి ఇందులో కలపబుద్ధి కాలేదు." మార్కర్‌ని నళిని వైపు జరిపింది. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టినాను. సారీ మేడమ్. నేను పోతాను."

బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఏడవలేదు, బతిమాలలేదు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేసింది.

నళినికి ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెబితే మీకు వింతగా ఉంటుంది. మోసం చెయ్యబోయిందని కాదు. తన ప్రశ్న పాతబడిపోయిందని, అవతల దానికి జవాబులు కూడా నేర్పిస్తున్నారని, ఆ పిల్ల తలుచుకుంటే తన చేతుల మీదుగానే దర్జాగా ఉద్యోగంలో చేరేదని తెలిసి మండింది. ఇంకొంచెం లోపలికెళ్తే మరో మంట ఉంది. తొమ్మిదేళ్ళ కింద, సుమ లేచి వెళ్ళిన ఆ కుర్చీలో తను కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే, తను ఏదో ఒక కాంటీన్ కట్టేసి ఉండేది. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. ఇప్పుడు ఆ లోపలి మంటని పట్టించుకోకుండా కంప్యూటర్ తెరిచింది.

ఇలాంటి కేసులకి ఆఫీసులో ఒక ఫారం ఉంది. అందులో ఒక గడి: దొంగ ఎక్స్‌పీరియన్స్ ఎలా బయటపడింది? రెండు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు పట్టుకున్నారు. లేదా, వచ్చినవాళ్ళు తామే చెప్పారు. పట్టుబడ్డవాళ్ళకి అయిదేళ్ళపాటు ఈ కంపెనీలోనే కాదు, దీని అక్కచెల్లెళ్ళ కంపెనీల్లో కూడా తలుపులు మూసేస్తారు. తామే చెప్పినవాళ్ళకి ఈ ఉద్యోగం ఇవ్వరు కానీ, అనుభవం లేని ఫ్రెషర్లని తీసుకునేటప్పుడు మళ్ళీ రావచ్చు. ఆ ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు ఫిబ్రవరిలోనే ఉన్నాయి. అంటే సుమ జాతకం మొత్తం ఆ ఒక్క గడిలో ఉంది.

నళిని "పట్టుకున్నారు" అన్నదాని మీద నొక్కింది.

తప్పు చేస్తున్నాననుకుని నొక్కలేదండోయ్. అలా అనుకుని చేసేవాళ్ళు లోకంలో తక్కువ. అడిగింది నేనే కదా అనుకుంది. అడక్కపోతే చెప్పేదా? నా ప్రశ్న చూసి భయపడే కదా ఒప్పుకుంది? మరి పట్టుకున్నట్టే కదా? మూడు కదాలు వరసగా పేర్చుకునేసరికి మనసు కుదుటపడింది. ఫారం పంపేసింది. అయిదు నిమిషాల్లో మేనేజర్ మునీంద్ర దగ్గర్నించి చప్పట్లు కొడుతున్న బొమ్మలు మూడు వచ్చాయి. పక్కన "పదిహేడు!" అని రాశాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు సుబ్బలక్ష్మమ్మ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని, నానిన అనపగింజలు ముందు పెట్టుకుని పొట్టు ఊడేలా పితుకుతోంది. ఇది అనపకాయల కాలం, పితుకుపప్పు పులుసు లేకుండా ఆ ఇంట్లో జనవరి గడవదు. ఆమె పాత బెంగుళూరు బళేపేటలో పుట్టి, బళేపేటలోనే మెట్టి, భర్తతోపాటు నలభై ఏళ్ళు గాజుల అంగడి నడిపిన మనిషి. ఆయన పోయాక అంగడి తీసేసి మారతహళ్ళిలో కొడుకు దగ్గరికి వచ్చేసింది. కొడుకు సందీప్ పని మీద పుణెలో ఉన్నాడు, నెలదాకా రాడు. కోడలంటే ఆమెకి వల్లమాలిన గర్వం. "మా కోడలు ముందర కల్ల నిలవదు" అని ఎదురింటి చౌడమ్మతో మొదలుపెట్టి లిఫ్టులో కనబడ్డ వాళ్ళందరితోనూ చెబుతుంది.

నళిని కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుని తనూ ఒక గుప్పెడు గింజలు తీసుకుంది.

"ఈరోజు ఇంకొకరు దొరికినారు అత్తమ్మా. పదిహేడు."

"అట్లనా! మగపిల్లోడా, ఆడపిల్లా?"

"ఆడపిల్ల. బాగేపల్లి."

"అయ్యో, మన పక్క పిల్లే. ఎట్ల పట్టినావు? బాగా ఇడమరిచి చెప్పు, రేపు చౌడమ్మ అడుగుతాది."

నళిని మొదలుపెట్టింది. బోర్డు సంగతి చెప్పింది, రెండు లెక్కల సంగతి చెప్పింది, భోజనం ప్రశ్న దగ్గరికి వచ్చింది. మామూలుగా ఇక్కడ ఆమె కళ్ళు పెద్దవి చేసి, ఎదుటివాళ్ళు ఎలా తడబడ్డారో చేసి చూపించాలి. చేసి చూపించడానికి ఏమీ లేదు. సుమ తడబడలేదు.

"అప్పుడు ఒప్పుకునేసింది" అంది పొడిగా.

"నీ రెండో ప్రశ్న ఏసినంకనా?"

"లేదత్తమ్మా. ముందే."

"జవాబు తెలీక చెప్పేసిందేమో పాపం."

"జవాబు తెలుసంట. ఎవరో నేర్పించినారంట. అయినా చెప్పలేదు."

సుబ్బలక్ష్మమ్మ చేతిలో గింజ పట్టుకుని ఆగింది. "మల్ల నువ్వు పట్టిందేముండాది ఇందులో? ఆ పిల్లే చెప్పిండాది కదా."

"నేను అడిగినందుకే కదత్తమ్మా చెప్పింది?"

"బాగుండాది! అంగట్లోకి వచ్చినామె డజను గాజులెంత అని అడిగితే మీ మామ ధర చెప్తా ఉండె. అంతమాత్రానికి ఆమె మీ మామను పట్టినట్లా?" తన మాటకి తనే నవ్వేసి, మళ్ళీ పనిలో పడింది. "సుమ్నే, ఊరికే చెప్తా ఉండాను, బేజారు చేసుకోవద్దు. అయినా మంచి పిల్ల మాదిరి ఉండాది. ఏమైతాది ఇప్పుడా పిల్లకు?"

"అయిదేళ్ళు ఎక్కడా తీసుకోరు" అని నళిని చెప్పలేకపోయింది. "చూడాలి" అని లేచి వెళ్ళింది. పులుసు అద్భుతంగా కుదిరింది కానీ ఆమెకి రుచి తెలియలేదు.

మర్నాడు పొద్దున పుణెకి ఫోన్ చేసి సందీప్‌కి అంతా చెప్పింది. భార్య కాగితాల సంగతి సందీప్‌కి తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. ఆ రోజే ఇద్దరూ ఇంకెప్పుడూ దాని ఊసెత్తకూడదనుకున్నారు.

"దీనికెందుకింత టెన్షన్?" అన్నాడు. "ఫారం మార్చెయ్. ఆ అమ్మాయికి న్యాయం జరిగిపోతుంది, నీకూ ప్రశాంతంగా ఉంటుంది. నీ పాత కథ మాత్రం కెలక్కు. నిన్నెవరు అడిగారిప్పుడు?"

మాట సబబుగానే ఉంది. నళిని ఆఫీసుకెళ్ళగానే మునీంద్ర గదిలోకి నడిచింది. పంపేసిన ఫారం మళ్ళీ తెరవాలంటే అతనే తెరవాలి. మునీంద్రది మదనపల్లె. మంచివాడే, కాకపోతే ఏ గొడవైనా తన బల్ల దాకా రాకుండా చూసుకోవడంలో ఆరితేరినవాడు.

"ఎందుకు నళినీ, లీవ్ ఇట్" అన్నాడు. "అమ్మాయి ఫేక్ అన్నది నిజమే కదా. ఎట్లా తెలిసింది అనేది ఎవరు చూస్తారు?"

"ఆ అమ్మాయే చెప్పింది సర్. నేను పట్టుకోలేదు. నేను తప్పు రాశాను."

"అంటే నీ కౌంట్ మళ్ళీ పదహారే అవుతుంది, చూసుకో."

"కానీండి సర్."

మునీంద్ర ఫారం తెరిచాడు. నళిని అక్కడే నిలబడి గడి మార్చింది. అతను కుర్చీలో వెనక్కి వాలి ఆమెని చూసి తల ఊపాడు. "నిజం చెప్పాలంటే, నేనైతే మార్చేవాడిని కాదు. నీ ఇంటెగ్రిటీనే వేరు నళినీ. ఒక పని చెయ్. వచ్చే బుధవారం కొత్త ఇంటర్వ్యూయర్లకి ట్రైనింగ్ ఉంది కదా, ఈ ఇన్సిడెంట్ చెప్పు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి ఎంత నిజాయితీ ఉండాలో దీనికి మించిన ఎగ్జాంపుల్ లేదు."

అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ మాట! నిన్న సాయంత్రం నుంచి లోపల బిగుసుకుపోయి ఉన్నదేదో ఒక్కసారిగా వదులైంది. కాఫీ మెషీన్ దాకా వెళ్ళేలోపే ఉపన్యాసం సగం తయారైపోయింది. ఒక చిన్న గడి, ఒక పెద్ద నిర్ణయం అని మొదలుపెట్టాలి. నేను కూడా పొరబడ్డాను అని కాస్త తగ్గాలి, అప్పుడు జనం కరిగిపోతారు. నా తప్పుని నేనే వెళ్ళి సరిదిద్దుకున్నాను అని ముగించాలి. చప్పట్లు కూడా వినిపించాయి. చూశారా, ఎంత తొందరో! కప్పులో కాఫీ ఇంకా నిండనే లేదు.

కప్పు నిండుతుండగా ఆమెకి ఒక సంగతి తట్టింది. ఆ ఉపన్యాసంలో సుమ పేరే లేదు. "ఒక క్యాండిడేట్" అని ఉంది. సాంబారు తనది కాదని చెప్పిన పిల్ల, చేతిలో జవాబు ఉంచుకుని కూడా దాన్ని వదిలేసిన పిల్ల, ఆ కథలో ఎక్కడో మూలకి వెళ్ళిపోయింది. మధ్యలో నళిని నిలబడి ఉంది, నిజాయితీగా, వెలుగు పడేలా. నిన్న అబద్ధం రాసినప్పుడు కూడా సరిగ్గా అక్కడే నిలబడి ఉంది. అబద్ధం రాసినా తనే గొప్ప, అది దిద్దినా తనే గొప్ప! తన మీద తనకే అసహ్యం వేసింది. ఛీ, నా బతుకు అనుకుంది, పైకే.

కాఫీ అక్కడే వదిలేసి వెనక్కి నడిచింది. మునీంద్ర గది తలుపు తోసి లోపలికెళ్ళి, కూర్చోకుండానే చెప్పేసింది.

"సర్, నేను ఈ కంపెనీలో చేరినప్పుడు చూపించిన మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ దొంగది. మారతహళ్ళిలో కొనుక్కున్న కాగితాలు. సుమ తెచ్చినలాంటివే."

మునీంద్ర లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. తిరిగొచ్చి, గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"నళినీ, తొమ్మిదేళ్ళు. నీ పని గురించి ఎవరూ ఒక్క మాట అనలేరు. ఇప్పుడు దీన్ని ఎవరు తవ్వుతారు? ఎవ్వరూ తవ్వరు. నువ్వు ఏదో ఎమోషన్‌లో ఉన్నావు. ఇంటికెళ్ళు, రెస్ట్ తీసుకో. నువ్వు చెప్పింది నేను వినలేదు."

ఇక్కడ ఆగి ఆలోచించండి. తలుపు మూసి ఉంది. అడిగేవాడు లేడు, చూసేవాడు లేడు. ఒప్పుకున్న తృప్తీ దక్కింది, ఉద్యోగమూ దక్కింది. బయటికి నడిస్తే చాలు. నళిని కాళ్ళు ఒక అడుగు తలుపు వైపు వేశాయి కూడా, అబద్ధమెందుకు.

"విన్నారు సర్" అంది. "మధ్యాహ్నంలోపు హెచ్.ఆర్.కి నేనే రాస్తాను. మీకు ముందే చెప్పానని కూడా రాస్తాను, మీరు విన్నారని."

"నువ్వు మనుషుల్ని బతకనివ్వవు" అన్నాడు మునీంద్ర, కుర్చీలో కూలబడుతూ. కోపంగా అన్నాడో, ఇంకెలా అన్నాడో ఆమెకి అర్థం కాలేదు.

రాసింది. ఆరు వాక్యాలు. పంపాక ఆకలి వేసింది. కిందికి వెళ్ళి ఒక ప్లేటు పులిహోర పూర్తిగా తిన్నది.

అసలు కష్టం ఇంట్లో ఎదురైంది. సుబ్బలక్ష్మమ్మ పొద్దుగూకే వేళ బాల్కనీలో తులసికుండీకి నీళ్ళు పోసి వచ్చి కూర్చున్నాక, నళిని కింద చాప మీద కూర్చుని మొత్తం చెప్పింది. ఆమె అంతా విని అడిగింది.

"పెండ్లిచూపుల్లో కూడా ఇదే చెప్పిండావు కదా. ముందర ఇంకో పెద్ద కంపెనీలో మూడేండ్లు పని చేసినానని."

"అవునత్తమ్మా."

"మీ మామ అది ఇని ఎంత పొంగిపోయినాడో తెలుసునా? బళేపేట అంతా చెప్పుకుని వచ్చినాడు. ఆయప్ప నోట కూడా కల్ల పలికించినావు నువ్వు." చేతిలోని చెంబు పక్కన పెట్టింది. "నేను ఈ నాలుగేండ్లూ ఎంతమందితో చెప్పిండాను నీ గురించి! చౌడమ్మ మొగం ఎట్ల చూడాల ఇప్పుడు?"

సమర్థించుకోవడానికి నళిని నోటిదాకా వచ్చిన మాటలన్నీ తను పదహారు మంది నోట విన్నవే. వాళ్ళు చెబుతున్నప్పుడు తను లోపల నవ్వుకునేది. ఇప్పుడు ఒక్కటి కూడా వాడుకోలేదు. "తప్పు చేశాను అత్తమ్మా" అంది. ఆ పూట ఇద్దరూ మాట్లాడుకోలేదు. మర్నాడూ లేదు. ఆ పై రోజు కూడా సుబ్బలక్ష్మమ్మ వంట చేసి, మూతలు పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు పొద్దున హెచ్.ఆర్. వాళ్ళు విచారణకి రమ్మన్నారు. నళిని చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు వచ్చి టిఫిన్ డబ్బా చేతిలో పెట్టింది.

"నాకు కోపం ఉండాది. ఇంకా కొన్ని దినాలు ఉంటాది, నన్ను తొందర చేయొద్దు" అంది. "పని ఊడగొడితే ఊడగొట్టనీ. చేతిలో నేర్చుకున్న ఇద్దె ఉండాది కదా, ఇంకో చోట దొరుకుతాది. కానీ అక్కడ మాత్రం మల్లా తిప్పి తిప్పి చెప్పొద్దు. ఉండేది ఉన్నట్ల చెప్పు."

విచారణ గదిలో దివ్య అనే హెచ్.ఆర్. మేనేజర్ కూర్చుని ఉంది. నెల్లూరు అమ్మాయి, నళిని ఈడుదే. ముందు కాగితాలు, చేతిలో పెన్ను. ఏ సెంటర్, ఏ సంవత్సరం, ఎవరు ఇచ్చారు, అన్నీ అడిగి రాసుకుంది. ఉద్యోగం ఉంచాలా వద్దా అన్నది పైవాళ్ళు సోమవారం చెబుతారంది. ఉంచినా ఆ మూడేళ్ళ అనుభవం తగ్గించి కింది హోదాలో వేస్తారని, ఇంటర్వ్యూ పని మాత్రం ఇక ఉండదని చెప్పింది. సుమకి ఫిబ్రవరి ఇంటర్వ్యూకి పిలుపు వెళ్ళిందని కూడా చెప్పింది, నళిని అడిగాక. తర్వాత పెన్ను పక్కన పెట్టింది.

"ఒక్కటి నాకు అర్థం కావడంలేదు. తొమ్మిదేళ్ళయింది. ఎవరికీ తెలీదు, తెలిసే దారి కూడా లేదు. ఎందుకు చెప్పారు?"

ఈ ప్రశ్న వస్తుందని నళినికి తెలుసు. వచ్చే దారిలో మూడు జవాబులు సిద్ధం చేసుకుంది. అంతరాత్మ ఒప్పుకోలేదని ఒకటి. కంపెనీ మీద గౌరవమని ఒకటి. ఆ అమ్మాయికి అన్యాయం జరగకూడదని ఒకటి. మూడూ బాగున్నాయి. మూడింటిలోనూ నళిని చాలా అందంగా ఉంది.

"ఆ అమ్మాయి దగ్గర జవాబు ఉంది మేడమ్" అంది నెమ్మదిగా. "అది చెప్పి ఉంటే నేను నమ్మేసేదాన్ని. చెప్పకుండా నిజం చెప్పింది. ఆ చోట నేనుంటే అబద్ధమే చెప్పేదాన్ని. నాకంటే చిన్నది, నేను పరీక్షించాల్సిన మనిషి అనుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. నాకంటే అదే మేలైన మనిషని తేలిపోయింది. అది నేను తట్టుకోలేకపోయాను. రోషం వచ్చింది. అంతే మేడమ్. మంచితనంతో చెప్పలేదు, రోషంతో చెప్పాను."

దివ్య పెన్ను మళ్ళీ తీసుకుంది. "ఇలాగే రాయమంటారా? పైవాళ్ళు చదువుతారు. ఇంకోలా చెబితే మీకే మంచిది."

"తెలుసండీ" అంది నళిని. "ఇలాగే రాయండి."

దివ్య రాసి కాగితం ఆమె వైపు తిప్పింది. నళిని మొదటి నుంచి చివరిదాకా చదివి, ఒక్క మాట కూడా మార్చకుండా, కింద సంతకం పెట్టింది.